వచ్చిన పని: చెట్టు చూడటం

ఈ వారం మీకొక షూటింగు కబురు చెబుదామనుకున్నాను. చెప్పబోయేది మాత్రం లాడ్జి కబురు. నిరాశపడకండి! ఇందులోనూ సినిమా ఉంది, సస్పెన్సు ఉంది, కావలసినంత కామెడీ ఉంది. లేనిదల్లా హీరో ఒక్కడే.

సినిమా చెట్టు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున ఉన్న నిద్రగన్నేరు. వయసు నూటయాభై దాకా ఉంటుందని చెబుతారు. ఆ చెట్టు నీడలో తీసిన పాటలెన్నో, జరిగిన పంచాయితీలెన్నో, కన్నీళ్ళు పెట్టుకున్న చెల్లెళ్ళెందరో! మన డైరెక్టర్లకి గోదావరి అనగానే మొదట ఆ చెట్టే గుర్తొచ్చేది. 2024 ఆగస్టులో గోదావరి పొంగి ఉన్న రోజుల్లో అది కూలిపోయింది. మనిషి పోయినట్టు జనం వచ్చి చూశారు. ఆ తర్వాత మొదలుకి మందులు పూసి బతికించే ప్రయత్నం చేశారనీ, చిగుళ్ళు వేసిందనీ విన్నాను. అది కళ్ళారా చూసి మీకు రాయాలని ఒక శీతాకాలం రోజున సికింద్రాబాదులో రైలెక్కాను.

ఎడిటరుగారు ప్రయాణం ఖర్చు ఇస్తారు గానీ పెద్ద హోటలు ఖర్చు ఇవ్వరు. ఫ్రీలాన్సు వాళ్ళ బతుకులు మీకు తెలియనివి కావు. సాయంత్రానికి చేరాల్సిన రైలు ఏలూరు దాటాక ప్రతి స్టేషన్నీ పలకరించుకుంటూ, నిడదవోలులో ఓ కునుకు తీసి, నన్ను రాజమండ్రిలో దింపేసరికి రాత్రి పదిన్నర. ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారింది గానీ మా నోళ్ళు ఇంకా మారలేదు, క్షమించాలి.

మొదటి లాడ్జిలో కౌంటరు దగ్గరాయన నన్ను చూశాడు. నా వెనక్కి చూశాడు. వెనకాల ఎవరూ లేరు.

"ఒక్కరేనా అండి?"

"ఒక్కదాన్నే."

"సింగిల్ లేడీస్‌కి రూము ఇవ్వమండి. రూల్సు ఒప్పుకోవండి."

ఏ రూల్సు అని అడిగాను. ఆయన సీలింగు ఫ్యాను వంక చూపించాడు. ఫ్యాను మీద ఏమీ రాసిలేదు. నిజానికి ఒంటరి ఆడదానికి గది ఇవ్వకూడదని మన దేశంలో ఏ చట్టమూ లేదు. ఆ సంగతి చెబితే, "చట్టం వేరండి, లాడ్జి వేరండి" అన్నాడు ఎంతో మర్యాదగా. గోదావరి జిల్లా మర్యాద! కాదనడం కూడా 'అండి' అనే అంటారు.

రెండో చోట కూడా అంతే. "జెంట్స్ ఎవరైనా వెనకాల వస్తున్నారాండి?" అన్నాడు. రారన్నాను. ఆ అదృష్టం లేదన్నట్టు తల ఊపాడు. మూడో చోట మాత్రం గది దొరికింది. 900 రూపాయల గది నాకు 1200 అయింది. ఆధార్ కార్డు ఫోటో కౌంటరు కుర్రాడు తన సొంత ఫోనులోనే తీసుకున్నాడు. రిజిస్టరులో పేరు, ఊరు, ఫోను నెంబరు రాశాను. చివర 'వచ్చిన పని' అని ఒక గడి ఉంది. 'చెట్టు చూడటం' అని రాశాను.

కుర్రాడు అది చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివాడు. "ఏ చెట్టండి?"

"పడిపోయిన చెట్టు."

ఇక వాడు నన్ను ఏ కోవలో వేసుకున్నాడో ఆ భగవంతుడికే తెలియాలి.

గది నెంబరు 12. గుర్రున తిరిగే ఫ్యాను, మూలన బీటలు వారిన అద్దం, దానికి అంటించిన ఎవరివో ఆరు బొట్టుబిళ్ళలు. కుళాయి తిప్పితే ముందు దగ్గి, తర్వాత ఉమ్మి, ఆ తర్వాత నీళ్ళు ఇచ్చింది. బాత్‌రూము తలుపుకి అరచెయ్యి వెడల్పున కన్నం. ఎవరో పుణ్యాత్మురాలు దానికి న్యూస్‌పేపరు ముక్క కుక్కి వెళ్ళింది. గది తలుపు గడియ చూస్తే స్క్రూలు రెండే ఉన్నాయి, ఆ రెండూ వదులే. గట్టిగా తుమ్మితే ఊడొచ్చేట్టుంది.

ఇక మంచం సంగతి. లైటు ఆర్పిన పావుగంటకి వీపు మీద ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. లైటు వేస్తే ఏమీ లేదు. ఆర్పితే మళ్ళీ. నల్లులు! వీటి తెలివి చూడండి. మనం వదిలే ఊపిరినీ, ఒంటి వేడినీ పట్టుకుని చీకట్లో బయల్దేరతాయి. పగలు పరుపు కుట్ల సందుల్లో, మంచం కోళ్ళ పగుళ్ళలో దాక్కుంటాయి. తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. రోగాలు అంటిస్తాయని రుజువు కాలేదట గానీ నిద్ర చెడగొట్టడానికి ఇంకేం కావాలి? ఔట్‌డోరుకి వెళ్ళే మీ అసిస్టెంటు డైరెక్టరు మిత్రులెవరైనా ఉంటే ఈ చిట్కా చెప్పండి. గదిలోకి వెళ్ళగానే సామాను కింద పెట్టకూడదు. దుప్పటి ఎత్తి పరుపు కుట్ల వెంట చూడాలి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు కనిపిస్తే ఆ గదికో నమస్కారం పెట్టాలి. నేను నమస్కారం పెట్టి వెళ్ళడానికి నాలుగో లాడ్జి లేదు. అందుకని కుర్చీలో కూర్చున్నాను.

ఇంతవరకూ కామెడీ ట్రాకు. ఇంటర్వెల్ ఇక్కడ.

పన్నెండున్నరకి ఫోను టింగుమంది. తెలియని నెంబరు. 'హాయ్ మేడమ్ పడుకున్నారా'. ఎవరన్నది అర్థం కావడానికి నాకు అరనిమిషం పట్టింది. రిజిస్టరులో నా చేత్తో నేను రాసిన నెంబరది. జవాబివ్వలేదు. మరో ఐదు నిమిషాలకి, 'ఏమైనా కావాలంటే చెప్పండి'. దాని పక్కన ఒక నవ్వు బొమ్మ.

ఒంటిగంట దాటాక తలుపు చప్పుడు.

"ఎవరు?"

"వాటరు బాటిలండి."

"నేను అడగలేదు."

చప్పుడు ఆగింది. అడుగుల చప్పుడు మాత్రం వెనక్కి పోలేదు. తలుపు కింద సందులోంచి కారిడారు వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులో రెండు చెప్పుల నీడ కనిపిస్తోంది. అంతే. అది కదల్లేదు.

నేను కుర్చీని తలుపుకి అడ్డం పెట్టాను. దాని మీద నా సంచీ పెట్టాను. సంచీలో ఏముందనుకున్నారు? రెండు జతల బట్టలు, ఒక నోటు పుస్తకం. మన సినిమాల్లో అయితే సరిగ్గా ఇక్కడ కిటికీ అద్దం పగలాలి. హీరో దూకాలి. నా కిటికీకి ఇనప చువ్వలున్నాయి. హీరో వచ్చినా బయటే నిలబడాల్సిందే.

మళ్ళీ చప్పుడు. ఈసారి గట్టిగా. గడియ ఒక స్క్రూ మీద వేలాడింది.

ఫోనులో 112 నొక్కాను. పచ్చ బటన్ మీద వేలు పెట్టాను. పెట్టి ఆగిపోయాను. ఎందుకు ఆగానో మీకు చెప్పాలి. ఈ వారం ఈ శీర్షిక రాయడానికి కారణం అదే.

ఆ క్షణంలో నాకు కనిపించింది పోలీసులు నన్ను కాపాడటం కాదు. నా కళ్ళ ముందు ఒక సినిమా సీను తిరిగింది. మీరంతా చూసిందే. లాడ్జి మీద పోలీసుల రెయిడింగు. ఒక్కో గది తలుపు తీస్తుంటే ఒక్కో కమెడియన్ దుప్పటి కప్పుకుని బయటికి వస్తాడు. వెనకాల ఒక ఆడమనిషి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వస్తుంది. ఎవరామె, ఎందుకొచ్చింది, ఆమె మాట ఎవరైనా విన్నారా అన్నది కథకి అక్కర్లేదు. హాలంతా ఈలలు. పన్నెండో నెంబరు గదిలో ఒంటరిగా ఉన్న ఆడది, అర్ధరాత్రి వచ్చిన పోలీసులు, రిజిస్టరులో 'వచ్చిన పని: చెట్టు చూడటం'! ఎవరు నమ్ముతారు? నేను దొంగనా, ఆ చెప్పుల వాడు దొంగా? నేనేమీ తప్పు చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసి కూడా నా చెయ్యే నా మొహానికి అడ్డం వెళ్ళింది.

ఇంకో నిజం కూడా ఒప్పుకుంటాను. అలాంటి సీనొకటి చూసి, 'లాడ్జి ఎపిసోడు కడుపుబ్బ నవ్విస్తుంది' అని ఇదే పేజీలో ఒకప్పుడు రాసింది నేనే. టిక్కెట్టు డబ్బులు ఆ ఒక్క సీనుకే కిట్టిపోయాయని కూడా రాసినట్టు గుర్తు. ఆ రాత్రి ఆ బిల్లు నాకే తిరిగొచ్చింది.

అప్పుడే కారిడారులో మరో గొంతు వినిపించింది. ఆడగొంతు, గట్టి గొంతు. "ఎవడ్రా అక్కడ? కిందికి పో! ఓనరుగారిని లేపమంటావా?"

చెప్పుల నీడ కదిలింది. మెట్ల మీద చప్పుడు దిగిపోయింది.

"పాపగారూ, తలుపు తియ్యండి. నేను ఈ గదులు ఊడుస్తానండి. మీకేం భయం లేదు."

తీశాను. యాభై ఐదు అరవై మధ్య వయసు. చేతిలో చీపురు. అది ఊడవడానికి తెచ్చింది కాదని ఆమె పట్టుకున్న తీరే చెబుతోంది. నన్ను దుప్పట్లు పెట్టే చిన్న గదికి తీసుకెళ్ళింది. అక్కడ ఉతికిన దుప్పట్ల కట్ట మీద కూర్చోబెట్టి, "ఇక్కడ నల్లులుండవండి, నా పడకే ఇది" అంది. పిన్నీ అని పిలవబుద్ధేసింది. పిలిచాను.

నిద్ర రాలేదు. కబుర్లు వచ్చాయి. నేను వచ్చిన పని విని పిన్ని నవ్వింది.

"ఆ చెట్టు కింద నేనూ నటించానండి!"

ఆమెకి పదమూడో పద్నాలుగో ఏళ్ళప్పుడట. షూటింగువాళ్ళు వచ్చి బిందెలు మోసే ఆడపిల్లలు కావాలంటే ఊళ్ళోంచి ఓ ముప్ఫైమంది వెళ్ళారట. పొద్దున్నుంచీ పొద్దుపోయేదాకా బిందె ఎత్తడం, దించడం. ఐదు రూపాయలూ, పులిహోర పొట్లమూ ఇచ్చారట. ఏ సినిమా అంటే పేరు గుర్తులేదంది. హాల్లో చూశావా అంటే, "చూశానండి. నేను కనపళ్ళేదు. నా బిందె కనపడింది" అంది.

ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపటికి ఆమే మళ్ళీ చెప్పింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ షూటింగుల వాళ్ళు ఈ లాడ్జిలో దిగుతారట. హీరో హీరోయిన్లు పెద్ద హోటళ్ళకి పోతారు. గ్రూపు డాన్సరు పిల్లలు, కాస్ట్యూముల వాళ్ళు, జూనియరు ఆర్టిస్టులు ఇలాంటి చోట్ల గదికి నలుగురు చొప్పున సర్దుకుంటారు. "వాళ్ళు నలుగురూ మంచం జరిపి తలుపుకి అడ్డం పెట్టుకుని పడుకుంటారండి. మీరు కుర్చీ పెట్టారు. కుర్చీ చాలదండి" అంది, ఏదో వంట చిట్కా చెప్పినంత మామూలుగా.

ఆ మాట వినగానే నాకు మలయాళ సినిమా వాళ్ళ నివేదిక గుర్తొచ్చింది. 2017లో ఒక నటిమీద దాడి జరిగిన తర్వాత కేరళ ప్రభుత్వం జస్టిస్ హేమ కమిటీని వేసింది. ముగ్గురు సభ్యుల్లో ఒకరు మన శారదగారు. తెనాలి ఆడపడుచు, మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి, అందులో ఒకటి మన తెలుగు 'నిమజ్జనం'కే! వాళ్ళు 2019 డిసెంబరులో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక జనం ముందుకి వచ్చింది 2024 ఆగస్టు 19న. అంటే మన చెట్టు కూలిన నెలలోనే. ఔట్‌డోరు షూటింగులకి వెళ్ళిన ఆడవాళ్ళు బస చేసిన గదుల తలుపులు రాత్రిళ్ళు బాదేవారనీ, తలుపు విరిగిపోతుందేమోనని భయపడేవాళ్ళమనీ, ఆ భయంతోనే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్ళేవాళ్ళమనీ చాలామంది ఆ కమిటీకి చెప్పుకున్నారు. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని అది చదివినప్పుడు 'అయ్యో' అనుకున్నాను. పేజీ తిప్పాను. గడియకి ఎన్ని స్క్రూలుంటాయో అప్పుడు ఆలోచించలేదు.

'హీరోయిను వెంట అమ్మగారు వచ్చారు, అమ్మగారికి ఏసీ రూము కావాలిట, అమ్మగారికి ఆపిల్ జ్యూసు కావాలిట' అని మన పత్రికలు తరతరాలుగా జోకులు వేశాయి. మేం వేశాం, మీరు నవ్వారు. ఆ అమ్మ జ్యూసు కోసం వచ్చిందో, తలుపుకి అడ్డంగా పడుకోవడానికి వచ్చిందో ఎవరం అడగలేదు.

తెల్లవారింది. ఓనరుగారు వచ్చారు. మెసేజీలు చూపించాను. ఆయన కుర్రాణ్ణి నా ఎదుటే నాలుగు తిట్టారు. వాడు "వాటరు బాటిల్ అడిగారేమో అనుకున్నానండి" అన్నాడు. తర్వాత ఓనరుగారు నావైపు తిరిగి, "అయినా ఆడవాళ్ళు ఒంటరిగా రావడం ఏమిటమ్మా?" అన్నారు. కోపంగా కాదు, బాధగా! అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

"డబ్బిచ్చి గది తీసుకున్నదాన్ని నేనండి. తలుపు కొట్టినవాడు మీ మనిషి. అడగాల్సింది ఎవర్ని?" అన్నాను. కాగితం తీసుకుని జరిగింది జరిగినట్టు టైములతో సహా రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుని ఒక కాపీ నా దగ్గర పెట్టుకున్నాను. కుర్రాడి ఫోనులోంచి నా ఆధార్ ఫోటో నా కళ్ళముందే తీసేయించాను. ఆ 1200లో 300 వెనక్కిచ్చారు. అడగలేదు, ఆయనే ఇచ్చారు. చేసిన తప్పుకి డిస్కౌంటు కాబోలు!

ఆ లాడ్జి పేరేమిటని మీరు ఉత్తరాలు రాస్తారని తెలుసు. చెప్పను. వెళ్ళేముందు పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నేను మధ్యలో వచ్చానని ఎక్కడా రాయకండి పాపగారూ, పని పోద్ది" అంది. పేరూ ఊరి వీధీ లేకుండా రాస్తానని మాటిచ్చాను. ధైర్యం చేసిన మనిషి దాక్కోవాల్సి రావడం, భయపెట్టినవాడు కౌంటరులో కూర్చోవడం. ఈ కథకి స్క్రీన్‌ప్లే ఎవరు రాశారో గానీ మార్చాల్సిన సీను అదే.

వంతెన దాటి కొవ్వూరు మీదుగా కుమారదేవం వెళ్ళాను. గోదావరి మీద పొగమంచు ఇంకా విడలేదు. తెర మీద అంత ఠీవిగా కనిపించిన చెట్టు అక్కడ లేదు. మొదలు ఉంది. దాని పక్కనుంచి లేత ఆకుపచ్చ చిగుళ్ళు. సాయంకాలం కాగానే ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి దానికి నిద్రగన్నేరని పేరు. అంత పెద్ద చెట్టు కూడా రాత్రయితే నిశ్చింతగా నిద్రపోతుంది. రాత్రి నిద్రలేని కళ్ళతో చూస్తూ నిలబడ్డ నాకు దానిమీద కాస్త అసూయ కూడా కలిగింది.

పిన్ని బిందె దించిన చోటు ఎక్కడో అని వెతికాను. గట్టంతా ఒక్కలాగే ఉంది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈసారి తెర మీద లాడ్జి సీను వస్తే నవ్వొద్దని నేను అనను. నవ్వు వస్తే నవ్వండి. కానీ కొంగు అడ్డం పెట్టుకున్న ఆ చివరి మనిషి దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. మీలో రేపటి డైరెక్టర్లున్నారని మీ ఉత్తరాలు చూస్తేనే తెలుస్తుంది. మీరు తీసే లాడ్జి సీనులో ఆమెకి ఒక్క డైలాగు రాయండి. చాలు.

అమ్మాయిలకి మరో మాట. 112 నెంబరు ఉన్నది నొక్కడానికి. ఆడవాళ్ళ కోసమే 181 కూడా ఉంది. నాలాగా పచ్చ బటన్ మీద వేలు పెట్టి ఆగకండి. పని మీద వెళ్ళిన చోటు కూడా పనిచోటే అని 2013 నాటి చట్టం చెబుతోంది. కాబట్టి ఔట్‌డోరు బస సంగతి అడగడం గొంతెమ్మ కోరిక కాదు, హక్కు. సంచీలో ఒక స్క్రూడ్రైవరు కూడా పెట్టుకోండి. నవ్వకండి, నేను కొన్నాను. నలభై రూపాయలు.

తిరుగు రైలు టైముకి వచ్చింది. లాడ్జి రిజిస్టరులో వెళ్ళేటప్పుడు సంతకం పెట్టే గడి పక్కన రిమార్కులు అని ఇంకో గడి ఉంది. అందులో ఇలా రాసి వచ్చాను: '12వ నెంబరు గది గడియకి స్క్రూలు బిగించండి. ఒంటరిగా వచ్చేవాళ్ళు ఇంకా వస్తారు.'

వచ్చే వారం కలుద్దాం.